పర్లాకిమిడిలో మా ప్రెస్సు: ఏళ్ళ తరబడి వాడాక

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు పుస్తకం అచ్చు వేయించాలంటే చాలామంది సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తారు, అక్కడ కుదరకపోతే శ్రీకాకుళం. నేను మాత్రం తిత్లీ తుపానుకు ముందు నుంచీ ఊళ్ళోని ఒక చిన్న ప్రెస్సులోనే వేయిస్తున్నాను. మా సాహిత్య సంఘం సంచికలు, సభల ఆహ్వానాలు, ఇంట్లో శుభలేఖలు కూడా అక్కడే.

విడిగా యజమాని లేడు. ముగ్గురు పనివాళ్ళు వాటాలు వేసుకుని నడుపుకుంటున్నారు. ఒక మినీ ఆఫ్‌సెట్, స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, కటింగ్ మిషను, డీటీపీకి రెండు కంప్యూటర్లు, అంతే సరంజామా. అంగన్‌వాడీ వర్కర్ల కరపత్రాలు, వీధి నాటకాల పోస్టర్లు, కొండ ఊళ్ళ బడులకు అక్షరాల చార్టులు ఇక్కడి నుంచే వెళ్తాయి. మతాల మధ్య తగువు పెట్టే కాగితం ఎంత డబ్బిస్తామన్నా వెయ్యరు. ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలనీ, వేయించేవారు ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ ఇవ్వాలనీ ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ చెబుతుంది. “ముందు డిక్లరేషన్ తెండి బాబూ, తర్వాత ప్లేటు చేస్తాం” అని ఒకాయన్ని వెనక్కి పంపడం నా కళ్ళారా చూశాను. ఎన్నికల సీజన్‌లో ఆ బేరం వదులుకోవడం చిన్న ప్రెస్సుకు మాటలు కాదు.

ఇక పనితనం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరిది. ఇక్కడ అచ్చులో తెలుగు తప్పుగా పడితే నాకు మనసొప్పదు. ఒకసారి మా సంచికలో తెలుగు, ఒడియా కవితలు పక్కపక్కన వచ్చాయి. రెంటికీ వరసల మధ్య ఒకే ఎడం పెట్టేసరికి ‘రాష్ట్రం’ కింది ఒత్తులు దిగువ వరసలోని గుడుల్లోకి దూరిపోయాయి. ప్రూఫు చూసిన అబ్బాయి నేను అడక్కముందే ఎర్ర పెన్నుతో చుట్టేసి ఉంచాడు. ఎడం పెంచితే పేజీలు అరవై నాలుగు దాటుతాయి, అప్పుడింకో ఫారం, అంటే ఇంకో పదహారు పేజీల ఖర్చు. మార్జిన్లు కాస్త తగ్గించి, శీర్షికల సైజు దించి, నాలుగు ఫారాల్లోనే సర్దేశాడు. సవర పిల్లల చార్టుకైతే సొరాంగ్ సొంపెంగ్ లిపి కావలసి వచ్చింది. మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన లిపి అది, యూనికోడ్‌లోకి 2012లో వచ్చింది. ఫాంటు దొరికాక కూడా తొందరపడలేదు. ఆ లిపి చదవగల పంతులమ్మ చేత ఒక్కో అక్షరం చూపించుకున్నాకే ప్లేటుకిచ్చారు.

లోపాలూ ఉన్నాయి. రంగుల అట్ట బయట వేయించి తెస్తారు కాబట్టి వారం ఆలస్యం మామూలే. గమ్ బైండింగ్ ఎండలకు ఊడుతుంది. లావు పుస్తకమైతే కుట్టు బైండింగే అడగండి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఫోను ఎత్తరు. రేటు కూడా శ్రీకాకుళం కన్నా కాస్త ఎక్కువే. పాత అనూ ఫాంట్లలో కొట్టిన ఫైలు ఇస్తే మార్చడానికి ఒక రోజు పడుతుంది. యూనికోడ్‌లో కొట్టి, దాంతోపాటు పీడీఎఫ్ కూడా పంపితే పని త్వరగా తెములుతుంది.

ఇన్నీ తెలిసి ఎందుకు వదల్లేదంటే 2018 అక్టోబరు గురించి చెప్పాలి. పదకొండో తారీఖున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా అల్లకల్లోలమైంది. ప్రెస్సు పైకప్పు రేకులు లేచిపోయాయి. కాగితం రీములు తడిసి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కరెంటు వచ్చాక కూడా మిషను తిరగలేదు. చందాలు పోగుచేద్దామని మేం బయల్దేరితే వాళ్ళు వద్దన్నారు. “దానం వద్దు మేస్టారూ, పని ఇవ్వండి, డబ్బు ముందివ్వండి” అన్నారు. మా సంఘం, లైబ్రరీ, నాటకాల వాళ్ళు, యూనియన్, కొందరు టీచర్లు తలా కొంత జమ కట్టాం. ఎవరి దగ్గరా ఒక హద్దు దాటి తీసుకోలేదు. పెద్ద మొత్తం ఇచ్చినవాడు రేపు ఏది వెయ్యాలో, ఏది వెయ్యకూడదో చెప్పడం మొదలెడతాడని వాళ్ళ భయం. ఆ భయం న్యాయమైనదే. జమలన్నీ ఒక ఖాతా పుస్తకంలో రాసుకున్నారు. ప్రతి బిల్లు కింద మిగిలిన నిల్వ చేత్తో రాసి ఇచ్చేవారు. మా లెక్క పైసాతో సహా తీరింది. తీరాక మళ్ళీ మేమే జమ కట్టాం.

నా అనుభవంలో ఇలాంటి ప్రెస్సుకు పనికొచ్చే సాయం ఇదే. రేటు దగ్గర గీచిగీచి బేరమాడి, ఆ తర్వాత సభలో శాలువా కప్పితే కాగితం కొట్టు బాకీ తీరదు. లాక్‌డౌన్‌లో సభలు లేక, బడులు లేక మిషను ఆగిపోయినప్పుడు జీతాలకు అక్కరకొచ్చింది ఆ జమలే.

ఇప్పుడు కటింగ్ మిషను పాతబడింది, అంచులు వంకర పోతున్నాయి. కొత్తదాని కోసం మళ్ళీ జమలు తీసుకుంటున్నారు. కరపత్రాలూ సంచికలూ వేయించే మనం, లాభం మిగిలే శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ మాత్రం వేరే చోట ఇస్తున్నాం. రాబోయే మాఘమాసం పెళ్ళిళ్ళకు శుభలేఖల ఆర్డరు అక్కడే ఇవ్వండి. నెల ముందే ఇవ్వండి, అడ్వాన్సు మొత్తంగా కట్టండి.