మూడేళ్లు వాడాక: సొంతంగా ముద్రించుకున్న డీ అండ్ డీ కార్డులు

హన్మకొండలో ఆదివారం సాయంత్రాలు మేం ఐదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడతాం. ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట ఇది. నడిపేది నేను. మొదట్లో ఎవరి పాత్రకైనా విషం ఎక్కితే చాలు, అందరూ ఫోన్లు తీసి రూల్సు వెతికేవాళ్లు. అలా తీసిన ఫోను వాట్సాప్ చూశాక గానీ జేబులోకి పోయేది కాదు. అందుకే తరచూ వెతికే రూల్సును తెలుగులో కార్డుల మీద ముద్రించుకోవడం మొదలుపెట్టాను.

మొదటి సెట్టు మందపాటి 300 జీఎస్‌ఎం బోర్డు మీద కలర్ లేజర్ ప్రింటు, పైన లామినేషన్. ఒక డీటీపీ షాపుకు ఫైలు వర్డ్‌లో తీసుకెళ్లాను. వాళ్లది పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్, యూనికోడ్ కాని అను ఫాంట్ల వ్యవహారం. నా యూనికోడ్ తెలుగు అందులో పేస్ట్ చేయగానే అన్నీ ప్రశ్న గుర్తులే. పీడీఎఫ్ చేసి తీసుకెళ్తే అక్షరాలు నిలిచాయి, కానీ ఆపరేటర్ 'ఫిట్ టు పేజ్' పెట్టి కొట్టేశాడు. 63 మిల్లీమీటర్ల కార్డు 61కి దిగింది. "రెండు మిల్లీమీటర్లకు ఏమైతది అన్నా?" అన్నాడు. నిజమే, ఏం కాదు, తర్వాత సరైన సైజులో వచ్చిన కార్డులతో కలిపే దాకా! 'యాక్చువల్ సైజ్' అని దగ్గరుండి చెప్పాల్సిందే.

సంక్రాంతికి సకినాలు తింటూ ఆడినా లామినేషన్ మీద నూనె తుడిస్తే పోయింది. దాన్ని మెచ్చుకునేది అంతవరకే. షీటు మొత్తానికి లామినేషన్ చేయించి తర్వాత కత్తిరించాం కాబట్టి అంచుల్లో సీలు లేదు. రెండు వానాకాలాలకు మూలలు విచ్చుకున్నాయి. అసలు చిక్కు మాత్రం దిద్దుబాటు. విషం కార్డు మీద 'అన్ని పాచికలకూ ప్రతికూలత' (అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) అని రాశాను. తప్పు. దాడికి, సామర్థ్య పరీక్షకే అది వర్తిస్తుంది, సేవింగ్ త్రోకు (ఆపద నుంచి తప్పించుకోవడానికి వేసే పాచికకు) కాదు. ఆ తప్పు మీద ఒక ఆదివారమంతా గొడవపడ్డాం. లామినేషన్ మీద పెన్ను కూడా పట్టదు.

ఇంట్లో ఇంక్‌జెట్‌తో ఫోటో పేపర్ మీద వేసిన రెండో సెట్టు గురించి చెప్పడానికేం లేదు. చెమట చేయి తగిలితే రంగు వదిలింది.

ఇప్పుడు వాడేది మూడోది, రెండేళ్లుగా ఇదే. మామూలు ఏ4 కాగితం మీద నలుపు ప్రింటు, ప్లాస్టిక్ స్లీవ్, కాగితం వెనక బిగువు కోసం పాత పేకముక్క. 63×88 కార్డులు ఒక షీటుకు 9 పడతాయి, పక్కలకు పదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. కాగితాన్ని గీత లోపలికి ఒక వెంట్రుకవాసి కత్తిరిస్తే స్లీవ్‌లోకి సులువుగా జారుతుంది. తప్పు దొరికితే ఆ ఒక్క కాగితమే మార్చుకుంటాం. చూపుకు లామినేషన్ కార్డు ముందు ఇది పేదగా ఉంటుంది, ఒప్పుకుంటాను. పైగా టేబుల్ నిండా పేకముక్కలు చూసి మా అమ్మ "ఇదేం పేకాట రా?" అని నిలదీసింది.

కార్డు మీద రాసే మాటలూ మారాయి. 'ప్రతికూలత' అని మూడేళ్లలో ఒక్కరూ నోటితో అనలేదు. ఇప్పుడు 'రెండుసార్లు వెయ్యి, తక్కువది తీసుకో' అని ఉంటుంది. ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం కార్డుకైతే 150 అడుగుల దూరం, 20 అడుగుల వ్యాసార్థం, దెబ్బ 8డీ6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది), డెక్స్ సేవ్ (చురుకుదనంతో వేసే సేవింగ్ త్రో) నెగ్గితే సగం. అంతే. నాలుగు వరుసలు దాటితే ఎవరూ చదవరు, నన్నే అడుగుతారు.

ఈ ఆట మూల రూల్సున్న పత్రం 5.1 ఎస్‌ఆర్‌డీ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కిందికి వచ్చింది కాబట్టి, మూలం పేర్కొంటే ఆ రూల్సును తెలుగులో వేసి పంచుకోవచ్చు. మూలం పేర్కొనే ఆ వాక్యం కోసమే ఒక కార్డు కేటాయించాను. దానితో కలిపి మొత్తం 31 అయ్యాయి, నాలుగో షీటులో ఇంకా ఐదు గళ్లు ఖాళీ. ఈ ఆదివారం లోపు వాటిలో గోబ్లిన్లు (ఆటలో ఎదురయ్యే చిన్న రాక్షసులు) ఎక్కిస్తాను.