ఊడ్నడట్టా ట్రాక్: ట్రైలర్ ఎక్కడిదాకా లాగాలి, ఎక్కడ విప్పాలి

కారు వెనక క్యాంపర్ ట్రైలర్ కట్టుకుని ఆస్ట్రేలియా లోపలి ఎడారి దారులు చూడాలనుకునే మన కుటుంబాలకు నేను ముందుగా చెప్పే పేరు ఊడ్నడట్టా ట్రాక్. దక్షిణ ఆస్ట్రేలియాలో మారీ దగ్గర మొదలై విలియం క్రీక్, ఊడ్నడట్టా మీదుగా మార్లా దగ్గర స్టువర్ట్ హైవేలో కలుస్తుంది. సుమారు 620 కిలోమీటర్లు, తారు లేని రోడ్డు. నేల పొడిగా ఉన్నప్పుడు ఇది మరీ కష్టమైన దారేమీ కాదు. వాన పడితే మాత్రం ఎర్రమట్టి జారుడైపోతుంది, రోడ్డు మూసేస్తారు, మూసిన రోడ్డెక్కితే భారీ జరిమానా. బయల్దేరే ముందే కాదు, ప్రతి ఊళ్ళోనూ రోడ్డు పరిస్థితి కనుక్కోవాలి.

కష్టమంతా ట్రైలర్‌తోనే. దాన్ని ఏ దారిలో లాక్కెళ్ళాలి, ఎక్కడ విప్పి వదిలేసి ఒట్టి కారుతో వెళ్ళాలి అన్నది ముందే తేల్చుకుంటే ఈ యాత్ర హాయిగా సాగుతుంది. అందుకే మేం బస చేసిన చోట్ల గురించి చెప్పేటప్పుడు కూడా ఆ లెక్కలోనే చెబుతాను.

మేం అడిలైడ్‌లో ఉంటాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి వచ్చిన మా మామయ్యగారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఈ దారి ఎంచుకోవడానికి సగం కారణం ఆయనే. ట్రాక్ పొడుగునా పాత ఘాన్ రైలు మార్గం ఆనవాళ్ళు ఉంటాయి. మారీకి 1884లో, ఊడ్నడట్టాకి 1891లో, ఆలిస్ స్ప్రింగ్స్‌కి 1929లో చేరిన ఆ లైను 1980లో మూతపడింది. అంతకు ముందు 1872లో వేసిన టెలిగ్రాఫ్ లైనూ ఈ వైపే వెళ్ళింది. ఎందుకంటే ఎడారిలో నీళ్ళు దొరికేది ఇక్కడే. భూమి లోపలి నుంచి ఊరే ఊటలు వరసగా ఉన్నాయి. ఆవిరి ఇంజన్లకి నీళ్ళు కావాలి కాబట్టి పట్టాలు ఊటల వెంట నడిచాయి, పట్టాల వెంట మన రోడ్డు.

ట్రైలర్ అద్దెకు తీసుకున్నాం. ముందుకు మడత విప్పితే పెద్ద మంచం, గుడారం తెరుచుకునే రకం. వంటగది పక్క నుంచి డ్రాయర్‌లా బయటికి వస్తుంది. అద్దెకిచ్చే వాళ్ళలో చాలామంది తారు లేని రోడ్ల మీదికి అనుమతించరు. అనుమతించినా అడుగుభాగానికీ అద్దాలకీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో స్పష్టంగా చెప్పరు. మేం వెళ్ళే ఊళ్ళ పేర్లన్నీ రాసి, మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకున్నాం. తీసుకునే రోజు చూస్తే స్పేర్ టైరు పాతబడి పక్కలు పగుళ్ళిచ్చి ఉంది. "దాని అవసరం రాదులెండి" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మా ఆయన మార్చేదాకా కదల్లేదు. ఆ గంట ఆలస్యానికి పిల్లలు విసుక్కున్నారు గానీ, టైరు కొనాలంటే వందల కిలోమీటర్లు పోవాల్సిన చోటికి వెళ్తూ దాన్ని ఒప్పుకోకూడదు.

రోడ్డు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ అసలు శత్రువు గుంతలు కాదు, కరగేషన్లు. రోడ్డు అడ్డంగా రేకుల షెడ్డు పైకప్పులా గీతలు దేరిపోయి ఉంటుంది. కారు సస్పెన్షన్ తట్టుకుంటుంది, వెనకాల ట్రైలర్ మాత్రం గంటల తరబడి వణుకుతూనే ఉంటుంది. నట్లు వదులవుతాయి, వెల్డింగులు విడతాయి, షాక్ అబ్జార్బర్లు వేడెక్కిపోతాయి. దీనికి మందు టైర్లలో గాలి తగ్గించడం, వేగం తగ్గించడం. తారు దిగగానే కారు టైర్లు 28 పీఎస్ఐకి, ట్రైలర్‌వి ఇంకొంచెం తక్కువకి దించాం. ఒక గంట నడిపాక మళ్ళీ కొలవాలి. వేడికి గాలి పీడనం 4 పీఎస్ఐ కంటే ఎక్కువ పెరిగిందంటే మొదట మరీ తగ్గించేశామని అర్థం, లేదా వేగం ఎక్కువైందని. వేగం 80 దాటనివ్వలేదు. చాలా చోట్ల 60 చాలు.

ఆగినప్పుడల్లా మా ఆయన ట్రైలర్ చక్రం మధ్యభాగం మీద చెయ్యి పెట్టి చూసేవారు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్ పోతోందన్నమాట. ఇంకో సంగతి, ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకుల బలాన్ని కారులోంచి సర్దుకునే మీట ఉంటుంది. తారు మీద సర్దిన బలం కంకర మీద ఎక్కువైపోతుంది, చక్రాలు బిగుసుకుని ట్రైలర్ పక్కకి జారుతుంది. కంకర మీదికి రాగానే తగ్గించుకోవాలి.

కారు వెనక చక్రాలు లేపిన రాళ్ళు ట్రైలర్ ముందుభాగానికి కొట్టుకుని, ఎగిరి వచ్చి కారు వెనక అద్దాన్నే పగలగొడతాయి. ఇక్కడ పగిలే అద్దాల్లో చాలావాటి కథ ఇదే. ట్రైలర్ ముందు ఏటవాలుగా వల కట్టి ఉండాలి. అది ఉన్నా మేం వెనక అద్దానికి బయటి వైపు అట్టముక్క అంటించాం. చూడ్డానికి బాగోదు, అద్దం మాత్రం మిగిలింది.

అడిలైడ్ నుంచి పైకి వెళ్తూ మొదటి మంచి బస ఫరీనా. గోధుమ పండుతుందన్న ఆశతో 1878లో పెట్టిన ఊరు, పేరు కూడా పిండిని బట్టే పెట్టారు. 1865లోనే సర్వేయర్ జార్జ్ గోయ్‌డర్ వానాధార పంటకి ఇదే హద్దు అని గీత గీసి చెప్పాడు. ఈ ఊరు ఆ గీతకి చాలా ఉత్తరాన ఉంది. వానలు మొహం చాటేశాయి, ఊరు ఖాళీ అయింది. ఇప్పుడు రాతి గోడలు మిగిలాయి. వాటిని వలంటీర్లు ఓపిగ్గా నిలబెడుతున్నారు. చలికాలంలో కొన్ని వారాలు నేల కింది పాత బేకరీలో రొట్టెలు కాల్చి అమ్ముతారు. మేం వెళ్ళినప్పుడు బేకరీ నడుస్తోంది. ఆ వేడి రొట్టెకి మా ఇంటి ఆవకాయ రాసుకుని తిన్నాం. క్యాంపు నేల చదునుగా, చెట్ల నీడతో ఉంది. స్నానానికి వేడినీళ్ళు దొరికాయి. ట్రైలర్ విప్పడం, మడవడం కొత్తవాళ్ళకి చేతికి రావాలంటే మొదటి రాత్రికి ఇంతకంటే మంచి చోటు లేదు.

మారీలో మామయ్యగారికి గది తీసుకున్నాం. జూలై రాత్రులు ఎడారిలో బాగా చలి, గుడ్డ గుడారంలో పెద్దవాళ్ళకి కష్టం. మారీ హోటల్ 1883 నాటి రాతి కట్టడం. పాత ఇల్లు, ఎత్తయిన గదులు, కింద భోజనం. శాకాహారులకి ఎంపిక తక్కువే, చిప్స్, సలాడ్, పిజ్జా లాంటివి. మేం పప్పూ అన్నం ట్రైలర్ దగ్గర వండి ఆయనకి గదికి పట్టుకెళ్ళాం. స్టేషన్ దగ్గర పాత డీజిల్ ఇంజన్లు నిలబెట్టి ఉన్నాయి. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు. 1957 నుంచి మారీ దాకా స్టాండర్డ్ గేజ్, అక్కణ్ణుంచి పైకి 1067 మిల్లీమీటర్ల సన్నపు గేజ్ ఉండేవి. ప్రయాణికులు ఇక్కడ దిగి బండి మారాల్సి వచ్చేది. "మన గుంతకల్లులో మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కి సామాన్లు మోసుకుని మారేవాళ్ళు కదమ్మా, అదే ఇది" అన్నారాయన.

మారీలో ఒక చిన్న మసీదు నమూనా కట్టి ఉంచారు, మట్టి గోడలు, గడ్డి కప్పు. ఒంటెలతో సరుకులు మోయడానికి 19వ శతాబ్దంలో వచ్చినవాళ్ళు కట్టుకున్న మసీదుకి గుర్తు అది. వాళ్ళందరినీ ఆఫ్ఘన్లు అనేవారు గానీ అందులో బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. రైలు పట్టాలకీ టెలిగ్రాఫ్ స్తంభాలకీ సామాను మోసింది వాళ్ళ ఒంటెలే. ఘాన్ అన్న పేరు వాళ్ళ మీదుగానే వచ్చిందంటారు. ఈ దేశంలో మనవాళ్ళ చరిత్ర ఐటీ వీసాలతో మొదలైందనుకునే మా పిల్లలకి దీన్ని చూపించడం నాకు చాలా ముఖ్యమనిపించింది. అక్కడ చాలాసేపు ఉన్నాం.

మారీ దాటాక రోడ్డు పక్కన కాటీ తాండా, అంటే లేక్ ఐర్, దక్షిణ భాగం కనిపించే చోటు ఉంది. సముద్ర మట్టానికి దిగువన ఉన్న ఉప్పు నేల. అది అక్కడి ఆదివాసులైన అరబానా ప్రజలకి పవిత్రమైన చోటు, వాళ్ళ మాట గౌరవించి గట్టు మీది నుంచే చూడాలి.

కౌవర్డ్ స్ప్రింగ్స్. ఒక్క చోటే ఎక్కువ రోజులు ఉండగలిగితే ఇక్కడే ఉండండి. పాత రైల్వే స్టేషన్ ఊరు. 1886లో తవ్విన బోరు నీళ్ళు పారి పారి చిత్తడి నేల ఏర్పడింది, పక్కనే ఖర్జూర చెట్లు. పాత రైల్వే స్లీపర్లతో కట్టిన చిన్న కొలను ఉంది. నేల లోపలి నుంచి వచ్చే గోరువెచ్చని నీళ్ళు, అందులో దిగి కూర్చోవచ్చు. స్నానాల గదుల్లో నీళ్ళు కట్టెల పొయ్యి మీద కాగుతాయి. కట్టె ఎవరు వేస్తే వాళ్ళకి వేడినీళ్ళు అన్న పద్ధతి పిల్లలకి భలే నచ్చింది. గదులు లేవు కాబట్టి మామయ్యగారు మాతోనే పడుకున్నారు. ఆయనకి ట్రైలర్ మంచం ఇచ్చేసి మేం పక్కనే గుడారం వేసుకున్నాం. మంచానికి నిచ్చెన ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళయితే ముందే ఆలోచించుకోండి.

ఇక్కడే ట్రైలర్ విప్పేశాం. కొద్ది కిలోమీటర్ల దూరంలో వాబ్మా కదర్బు పార్కులో మట్టి దిబ్బల మీద ఊటలు ఉన్నాయి. బబ్లర్ అనే దాంట్లో అడుగు నుంచి ఇసుక సుడులు తిరుగుతూ పైకి లేస్తుంది. దిగడానికి వీల్లేదు. గ్రేట్ ఆర్టీషియన్ బేసిన్ అనే భారీ భూగర్భ నీటి నిల్వ నీళ్ళవి, తూర్పున ఎక్కడో పడ్డ వాననీరు రాళ్ళ పొరల్లో లక్షల ఏళ్ళు నడిచి ఇక్కడ తేలుతోంది. ఆ దారి గతుకులు, ట్రైలర్‌తో వెళ్తే ఊట చూసే సమయమంతా తిప్పుకోవడానికే పోతుంది. ఒట్టి కారుతో అరపూటలో చూసొచ్చాం.

విలియం క్రీక్ పట్టుమని పాతిక మంది కూడా లేని ఊరు, ఒక హోటలు, పెట్రోలు పంపు, విమానాలు దిగే నేల. చుట్టూ ప్రపంచంలోకెల్లా పెద్ద పశువుల క్షేత్రంగా పేరున్న అనా క్రీక్. ఇక్కణ్ణుంచి లేక్ ఐర్ సరస్సు మీదికి చిన్న విమానాల్లో తిప్పుతారు. ఖరీదే, అయినా సరస్సులో నీళ్ళున్న ఏడాది అయితే డబ్బు ఇందుకే దాచుకోండి. నేల మీది నుంచి ఆ విస్తీర్ణం అర్థం కాదు. ఆ సరస్సు ఒడ్డునున్న హాలిగన్ బే దాకా రోడ్డు మీద వెళ్దామని కొందరు అనుకుంటారు. అది చాలా దెబ్బతిన్న దారి, ట్రైలర్‌తో అసలు వద్దు. టెన్షన్ పడేవాళ్ళకి ఇక్కడ ఇంకో వెసులుబాటు ఉంది. 166 కిలోమీటర్లు పడమరకి వెళ్తే కూబర్ పీడీ, అక్కణ్ణుంచి తారు రోడ్డు.

ఊడ్నడట్టా వైపు సాగుతుంటే మా గ్యాస్ సిలిండర్ బిగించిన బ్రాకెట్ విరిగింది. చప్పుడు తేడాగా వినిపించి ఆగాం. రాచెట్ బెల్టుతో కట్టేసి, సిలిండర్ వాల్వు మూసి కదిలాం. అలాంటి బెల్టులు, మందపాటి తీగ, రకరకాల బోల్టులు లేకుండా ఈ రోడ్డెక్కకండి. ఆగినప్పుడు వెళ్ళే ప్రతి కారూ నెమ్మదించి "అంతా బాగేనా?" అని అడిగింది. యూహెచ్ఎఫ్ రేడియోలో 40వ చానెల్ పెట్టుకుని ఉంటే రోడ్ ట్రైన్ల డ్రైవర్లతో కూడా మాట్లాడొచ్చు. రోడ్ ట్రైన్లంటే ఒకదాని వెనక ఒకటి ట్రైలర్లు తగిలించిన లారీలు. 50 మీటర్లు దాటిన పొడుగు ఉంటాయవి. ఎదురొస్తే పూర్తిగా పక్కకి తీసి, దుమ్ము సర్దుకునేదాకా ఆగాలి. ఫోన్ సిగ్నల్ ఊళ్ళ మధ్య ఉండదు, శాటిలైట్ ఫోను అద్దెకు తెచ్చుకున్నాం.

ఆల్జిబకీనా వంతెన మామయ్యగారి కోసమే ఉందనిపించింది. నీల్స్ నది మీద 1892లో కట్టిన 578 మీటర్ల ఇనుప వంతెన. నదిలో ఎప్పుడో గాని నీళ్ళు పారవు, పారితే మాత్రం పట్టాలు కొట్టుకుపోయేంత వరద. గోదావరి మీద పాత హేవలాక్ వంతెన 1900 నాటిది, దానికంటే ఇది పెద్దదని ఆయన లెక్క చెప్పారు, పొడుగులో కాదు, వయసులో. రివెట్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు. నీటిగుంట పక్కన ఉచితంగా క్యాంపు చేసుకోవచ్చు. మరుగుదొడ్లు, నీళ్ళు ఏవీ ఉండవు, అన్నీ మీతో తెచ్చుకుని, చెత్తంతా తీసుకెళ్ళాలి. పక్షులు చూసే ఓపిక ఉన్నవాళ్ళకి ఇది కౌవర్డ్ స్ప్రింగ్స్ తర్వాత రెండో స్థానం.

ఊడ్నడట్టాలో గులాబీ రంగు పింక్ రోడ్‌హౌస్. డీజిల్, సరుకులు, భోజనం, క్యాంపు అన్నీ అక్కడే. పాత స్టేషన్‌లోని మ్యూజియం తాళం కూడా అక్కడే అడిగి తీసుకోవాలి. 1960 జనవరి 2న ఇక్కడ 50.7 డిగ్రీల వేడి నమోదైంది. ఈ దారికి మే నుంచి ఆగస్టు దాకానే రావాలని చెప్పడానికి అదొక్కటి చాలు. ఉత్తరాన డల్హౌసీ వేడినీటి ఊటలున్నాయి, మామయ్యగారికి చూడాలని ఉంది. ఆ రాళ్ళ రోడ్డు మీద అద్దె ట్రైలర్ లాగడం నాకు ఇష్టం లేదు. దాన్ని ఇంకోసారికి, గుడారాలతో ఒట్టి కారుకి వదిలేశాం.

డీజిల్ లెక్క: మారీ, విలియం క్రీక్, ఊడ్నడట్టా, మార్లా. ఒక్కో మజిలీ సుమారు 200 కిలోమీటర్లు. మామూలుగా నూరు కిలోమీటర్లకి 10 లీటర్లు తాగే మా ప్రాడో ట్రైలర్‌తో 15 దాకా తాగింది. అయినా ట్యాంకు సరిపోయింది, అదనంగా ఒక క్యాను ఉంచుకున్నాం. నీళ్ళు మాత్రం మనిషికి రోజుకి 7 లీటర్ల లెక్కన, ట్రైలర్ ట్యాంకు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, కారులో కూడా వేరే క్యాన్లలో పెట్టుకోండి. అడుగున రాయి తగిలి పైపు తెగితే ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది.

తిరిగి ఇచ్చేటప్పుడు విరిగిన బ్రాకెట్‌కి డిపాజిట్‌లోంచి కోత పెడతామన్నారు. అది పాత వెల్డింగ్ దగ్గరే విడిందని, బయల్దేరే రోజు తీసిన ఫోటోల్లో అక్కడ తుప్పు కనిపిస్తోందని చూపించాక డిపాజిట్ మొత్తం తిరిగొచ్చింది. అడుగుభాగం, కారుకి తగిలించే కొక్కెం (హిచ్), బ్రాకెట్లు, టైర్ల పక్కలు, అన్నీ ఫోటో తీసుకోండి, వాళ్ళ ముందే, తేదీ పడేలా.