బీఈడీ ‘నాన్ అటెండింగ్’ సీటు కొంటున్నారా? ముందు నా లెక్క చూడండి

డిగ్రీ అయిపోయి బీఈడీ వైపు చూస్తున్నవాళ్ల కోసం, వాళ్లకు డబ్బు సర్దే అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నాను. ‘క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, మిగతాదంతా మేం చూసుకుంటాం’ అనే ప్యాకేజీ ఒకటి అమ్ముతుంటారు. నేను కొన్నాను. 85 వేలన్నారు, చివరికి 1,46,000 అయింది. కాలేజీ పేరు, ఏజెంటు పేరు రాయడం లేదు, దయచేసి అడగొద్దు. ఒక పేరు చెప్తే ఆ ఒక్కరే అలాంటివాళ్లు, మిగతా అందరూ మంచివాళ్లే అనుకుంటారు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. 2023లో బీఎస్సీ అయింది. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాశాను, మంచి ర్యాంకే వచ్చింది. కౌన్సెలింగ్‌కు వెళ్లి ఉంటే కన్వీనర్ కోటాలో ఏదో ఒక సీటు వచ్చేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడేమో హైదరాబాద్‌లో ఒక మందుల గోదాంలో బిల్లింగ్ పని దొరికింది, నెలకు 14 వేలు. రెండేళ్లు జీతం వదులుకుని చదవడమా అని ఇంట్లో అందరం తటపటాయిస్తున్న రోజుల్లో మా డిగ్రీ కాలేజీ గేటు ముందు ‘నాన్ అటెండింగ్ బీఈడీ సౌకర్యం కలదు’ అన్న ఫ్లెక్సీ కనిపించింది. ఫోన్ చేశాను. ‘చెల్లె, జాబ్ చేసుకుంటనే బీఈడీ అయిపోతది, నీలాంటోళ్లు మా దగ్గర మస్తుమంది ఉన్నరు’ అన్నాడు ఏజెంటు. మాట తియ్యగా ఉంది. నాన్న చిట్టీ ఎత్తి మొదటి 30 వేలు ఇచ్చాడు.

ఒకటి ఒప్పుకోవాలి. ఇది తప్పని నాకు తెలియక కాదు. క్లాసుకు వెళ్లకుండా హాజరు పడుతుందంటే ఎక్కడో ఎవరో అబద్ధం రాస్తున్నట్టే కదా. అందరూ చేస్తున్నారులే అనుకున్నాను. కాబట్టి నన్ను చూసి అయ్యో పాపం అనొద్దు. లెక్క మాత్రం చూడండి.

85 వేలు మూడు విడతలు. దానికి రశీదు ఒక్క 30 వేలకే ఇచ్చారు. మిగతాదంతా ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే. తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. రికార్డులు రాయించడానికి 8 వేలు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్‌కు 12 వేలు. ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఖర్చులని ఏడాదికి 5 వేలు, రెండేళ్లకు పది. సెమిస్టర్‌కు 1,500 చొప్పున నాలుగు సెమిస్టర్లకు 6 వేలు, ఇది పరీక్ష ఫీజు మీద అదనం, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చివరి సెమిస్టర్ హాల్ టికెట్ ముందు ‘నీకు హాజరు తక్కువుంది’ అని 15 వేలు. హాజరు అవసరం లేదని అమ్మినవాళ్లే హాజరు తక్కువైందని జరిమానా వేశారు! ఏజెంటును అడిగితే కాలేజీ వాళ్లను అడగమంటాడు, కాలేజీలో అడిగితే నిన్ను తెచ్చినవాణ్ని అడగమంటారు. వేలికేస్తే కాలికి, కాలికేస్తే వేలికి.

ఇంకో సంగతి. మొదటి హాల్ టికెట్ చేతికొచ్చినప్పుడు దాని మీద ఉన్నది నేను డబ్బు కట్టిన కాలేజీ పేరు కాదు. అదే యాజమాన్యానిదట, వేరే మండలంలో ఉందట. ఆ భవనం నేను ఇప్పటిదాకా చూడలేదు. నా సర్టిఫికెట్ మీద ఆ పేరే ఉంది.

ఇక ఒరిజినల్స్. చేరేటప్పుడు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ ప్రొవిజనల్, టీసీ అన్నీ తీసుకున్నారు, ‘వెరిఫికేషన్‌కు’ అని. కోర్సు అయ్యాక అడిగితే 10 వేలన్నారు. కట్టాను. ఇంటర్, డిగ్రీవి మాత్రం ఇచ్చి, టెన్త్ మెమో, టీసీలకు ఇంకో పదివేలన్నారు. అప్పుడు వకీలు దగ్గర జూనియర్‌గా పనిచేసే మా బావకు చెప్పాను. కాలేజీలు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2016 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. బావ దాన్ని ప్రింట్ తీసి, ప్రిన్సిపాల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాడు, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు కాపీ పెట్టాడు. తొమ్మిది రోజులకు వాళ్లే ఫోన్ చేసి వచ్చి తీసుకుపొమ్మన్నారు. మొదటి పదివేలు మాత్రం రాలేదు. సర్టిఫికెట్లు ఎవరికైనా ఇరుక్కుపోయి ఉంటే ముందు ఈ పని చేయండి. కాళ్లు పట్టుకోవడం వల్ల ఏమీ రాదు, నేను అదీ చేసి చూశాను.

డబ్బు సంగతి ఇక్కడితో వదిలేస్తాను. సర్టిఫికెట్ అయితే వచ్చింది. దాంతో ఈ ఏడాది మార్చిలో ఘట్‌కేసర్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో మ్యాథ్స్ టీచర్ ఉద్యోగానికి వెళ్లాను. డెమో ఇవ్వమన్నారు, ఏడో తరగతి, భిన్నాల భాగహారం. నాకు రాని లెక్కా అనుకున్నాను. బోర్డు మీద అరను పావుతో భాగించి, రెండో భిన్నాన్ని తిప్పి గుణించి, జవాబు 2 అని రాశాను. రెండో బెంచీలోంచి ఒక పాప లేచి, ‘టీచర్, భాగిస్తే తగ్గాలి కదా, పెరిగిందేంది?’ అంది.

నాకు జవాబు తెలియదు. తిప్పి గుణించాలని తెలుసు, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. ‘రూల్ అంతే అమ్మా’ అన్నాను. ఆ పాప కూర్చుంది, నా మొహం వైపు ఇంక చూడలేదు. వెనకాల కూర్చున్న హెచ్‌ఎం మేడమ్ కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత ఆఫీసు గదిలో, ‘మీరు పదిహేను నిమిషాల్లో పన్నెండు నిమిషాలు బోర్డుతోనే మాట్లాడారు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారు?’ అని అడిగారు. నా సర్టిఫికెట్‌లో రాసి ఉన్న స్కూలు పేరు కూడా నాకు వెంటనే గుర్తు రాలేదు. నేను అక్కడికి వెళ్తే కదా. అలా అడిగినందుకు ఆవిడ మీద ఇప్పటికీ కోపం లేదు, కానీ ఆ రోజు బస్సులో ఏడుపు ఆగలేదు.

నా డిగ్రీ క్లాస్‌మేట్ ఒకామె కన్వీనర్ కోటాలో హన్మకొండ ప్రభుత్వ బీఈడీ కాలేజీలో చదివింది. ఆమెకు ఫోన్ చేసి, అసలు మీకు ఏం చేయించారే అని అడిగాను. మైక్రోటీచింగ్ అని ఉంటుందట. ఐదారు నిమిషాల పాఠం, తోటి విద్యార్థులే పిల్లలుగా కూర్చుంటారు, ఒక్కసారికి ఒక్క నైపుణ్యమే చూస్తారు. ఇవాళ ప్రశ్న అడగడం, రేపు నల్లబల్ల వాడకం, ఎల్లుండి పిల్లాడి తప్పు జవాబును ఎలా అందుకోవాలో. పాఠం అవగానే లెక్చరర్, తోటివాళ్లు లోపాలు చెప్తారు, మళ్లీ ప్లాన్ రాసుకుని అదే పాఠం మళ్లీ చెప్పాలి. ఆమెకు మొదటి రోజు వచ్చిన రిమార్కు ఏమిటో తెలుసా? ‘బోర్డుతో మాట్లాడుతున్నావు.’ ఆమెకు అది మొదటి నెలలో స్నేహితుల ముందు తెలిసింది. నాకు రెండేళ్ల తర్వాత ఉద్యోగం అడగడానికి వెళ్లిన చోట తెలిసింది.

తర్వాత ఆమె జిల్లా పరిషత్ స్కూల్లో ఇంటర్న్‌షిప్ చేసింది. బీఈడీని 2015 నుంచి రెండేళ్లు చేసిందే ఇందుకు. టీచర్ శిక్షణ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండో ఏడాదిలో 16 వారాలు స్కూల్లో ఉండాలి, క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. ఏడాదికి 200 పనిదినాలు. అంటే ‘నాన్ అటెండింగ్ బీఈడీ’ అనే కోర్సే లేదు. ‘సౌకర్యం కలదు’ అని ఫ్లెక్సీ మీద రాసిన ఆ సౌకర్యం ఎక్కడా చట్టంలో లేదు. రేపు ఏ వెరిఫికేషన్‌లోనో అదే రెండేళ్లలో నేను మందుల గోదాంలో పీఎఫ్ కట్టించుకుంటూ జీతం తీసుకున్నట్టు బయటపడితే ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ టెన్షన్ ప్యాకేజీలో రాయలేదు.

ఏజెంటు చెప్పిన ఇంకో అబద్ధం చాలామందిని ముంచుతోంది కాబట్టి విడిగా చెప్తాను. ‘బీఈడీ ఉంటే ఎస్జీటీకి (ప్రైమరీ టీచర్ పోస్టుకు) కూడా ఎలిజిబుల్, తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలు’ అన్నాడు. ఆ మాట అన్నది 2023 దసరా ముందు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టు 11న తేల్చేసింది, వీలు కల్పించిన 2018 నాటి ఎన్‌సీటీఈ నోటిఫికేషన్‌నే కొట్టేసింది. ఎస్జీటీ కావాలంటే ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు డీఈడీ చేయాలి. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులని ఊరంతా చెప్పుకున్నారు. అందులో 6,508 మామూలు ఎస్జీటీలే. హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్లు 2,629, అదీ అన్ని సబ్జెక్టులకు, అన్ని జిల్లాలకు కలిపి. మన జిల్లా, మన సబ్జెక్టు, మన రిజర్వేషన్ దగ్గరికి వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. ఆంధ్రాలో 2025 మెగా డీఎస్సీ కాస్త నయం, 16,347లో స్కూల్ అసిస్టెంట్లు 7,725. సీటు అమ్మేవాడు మాత్రం ఎప్పుడూ మొత్తం అంకెనే చెప్తాడు.

టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కోచింగ్ కూడా ప్యాకేజీలో ఉందన్నారు. ఉన్నది ఒక వాట్సాప్ గ్రూపు, అందులో పాత బిట్ల పీడీఎఫ్‌లు. టెట్‌లో 150 మార్కులకు శిశువికాసం, పెడగాజీ 30. పిల్లల మనస్తత్వం మీద రాసిన పియాజే దశలు, వైగాట్‌స్కీ మాటలు బట్టీ పట్టి బీసీలకు కావాల్సిన 75 దాటాను, గొప్పేం కాదు. బట్టీ పడితే టెట్ వస్తుంది, ఆ రెండో బెంచీ పాపకు జవాబు రాదు.

చేరబోయే వాళ్లకు నాకు తోచినవి చెప్తాను. కాలేజీకి ఫోన్ చేయడం కాదు, మామూలు వర్కింగ్ డే నాడు, చెప్పకుండా, ఉదయం పదకొండుకు వెళ్లండి. క్లాసులో మనుషులు ఉన్నారో లేదో చూడండి. నేను డబ్బు కట్టిన చోట ఆఫీసు గది, జిరాక్సు మిషను, తాళం వేసిన ల్యాబు, అంతే. సీనియర్లను ‘ఏ స్కూల్లో ఇంటర్న్‌షిప్ చేశారు’ అని అడగండి. నిజంగా చేసినవాళ్లు అరగంట మాట్లాడతారు. ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీ గుర్తించిన జాబితాలో ఆ కాలేజీ పేరు, ఊరు, సీట్ల సంఖ్య అచ్చంగా సరిపోయాయో చూసుకోండి. గుర్తింపు పోయిన కాలేజీలో ఆ తర్వాత తెచ్చుకున్న డిగ్రీ ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లదని ఎన్‌సీటీఈ చట్టంలోనే ఉంది, 17వ సెక్షన్. ‘దూరవిద్యలో చేయిస్తాం’ అనేవాళ్లతో ఇంకా జాగ్రత్త. దూరవిద్య బీఈడీ అప్పటికే డీఈడీ లాంటి శిక్షణ పూర్తి చేసినవాళ్ల కోసం, నిన్న డిగ్రీ పాసైనవాళ్ల కోసం కాదు. ఇంటర్ చదువుతున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటే నాలుగేళ్ల ఐటెప్ కోర్సు గురించి చెప్పండి, ఎన్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, వరంగల్ నిట్‌లో, హైదరాబాద్ ఉర్దూ యూనివర్సిటీ మనూలో ఉంది. డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో అయిపోతాయి, ఒక ఏడాది మిగులుతుంది. నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి అది ఇంకా మొదలే కాలేదు కూడా, సరేలెండి.

పని చేసుకుంటూ చదవక తప్పని వాళ్లు ఉంటారు, వాళ్లను నేను తప్పు పట్టను. కానీ అలాంటప్పుడు ఒక ఏడాది ఆగి, కౌన్సెలింగ్‌లో దగ్గరి కాలేజీ చూసుకుని చేరినా నాకంటే తక్కువ ఖర్చే అవుతుంది. కన్వీనర్ సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. దానికీ 75 శాతం హాజరు కావాలనుకోండి.

ప్రస్తుతం మా ఊరికి దగ్గర్లో ఒక చిన్న స్కూల్లో 9 వేలకు చేస్తున్నాను. అక్కడ ముప్పై ఏళ్లుగా లెక్కలు చెప్తున్న ఒక సార్ ఉన్నారు. మొదటి వారమే ఆయనకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిట్టలేదు. ‘మధ్యాహ్నం నా క్లాసులో వెనక కూర్చోమ్మా’ అన్నారు. ఒకరోజు భోజనాల దగ్గర అర చపాతీ చేతిలో పట్టుకుని, ‘ఇందులో పావు ముక్కలు ఎన్ని వస్తాయి?’ అని అడిగారు. రెండు, అన్నాను. ‘అదే నీ భాగహారం’ అన్నారు. ఆ పాపకు చెప్పాల్సింది అంతే. రికార్డులకు 8 వేలు కట్టాను, ఇది అందులో ఎక్కడా లేదు.

మొన్న పని మీద సూర్యాపేట వెళ్లినప్పుడు మా డిగ్రీ కాలేజీ గేటు ముందు కొత్త ఫ్లెక్సీ చూశాను. ఫోన్ నంబరు మారింది, ఫొటోలో మనిషి అతనే. కింద ఎర్ర అక్షరాలతో ‘టెట్, డీఎస్సీ కోచింగ్ ఉచితం’ అని ఈసారి కొత్తగా రాయించాడు. నేను నిలబడి చదువుతుండగానే ఇద్దరు అమ్మాయిలు ఆ నంబరు ఫొటో తీసుకున్నారు. వాళ్లతో మాట్లాడాను. ఒకామె నా నంబరు తీసుకుంది, రెండో ఆమె ‘మా అక్క కూడా అక్కడే చేసింది, ఏం కాలేదు’ అని వెళ్లిపోయింది.