చీలమండ బెణికింది: ఈదాలా, ఆగాలా?

మెట్లు దిగుతూ మా అమ్మాయి చీలమండ బెణికింది. విజయవాడలో ఈత పోటీలకి ఇంకా మూడు వారాలే.

ప్రాక్టీస్ కొనసాగిస్తే: తొడల మధ్య పుల్ బాయ్ (ఫోమ్ ముక్క, కొన్ని వందల్లో వస్తుంది) పెట్టుకుని చేతులతోనే ఈదొచ్చు, దమ్ము తగ్గదు. అసలు భయం గోడ దగ్గరే. టర్న్‌లో, అంటే వెనక్కి తిరిగేటప్పుడు, గోడని పాదంతో గట్టిగా తన్నాలి. వంద మీటర్లకి 50 మీటర్ల కొలనులో ఒక్క టర్న్, 25 మీటర్లదైతే మూడు. బ్లాక్ (పోటీ మొదట్లో దూకే దిమ్మె) మీంచి దూకేటప్పుడూ అదే బరువు. బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా ఈదే పద్ధతి) అసలే వద్దు, పాదం బయటికి తిప్పి తన్నాలి కదా.

పూర్తిగా ఆపేస్తే: ఖర్చు లేదు, కాలికి విశ్రాంతి. కానీ నీళ్ల మీద పట్టు సడలుతుంది, పిల్లకి దిగులు.

ఆ కాలి మీద నొప్పి లేకుండా నిలబడగలిగి, డాక్టరు సరేనంటే ఫ్రీస్టైల్‌కి పంపండి. ఇంకా కుంటుతుంటే పేరు వెనక్కి తీసుకోండి. మా అమ్మాయి నిన్న ఒంటికాలి మీద నిలబడి చూసింది. పెదవి కొరుక్కుంది. ఆపేశాం.