కువైట్ కీబోర్డు, మన గాంధారం

ఈ కీబోర్డు మా బావగారు కువైట్ నుంచి వస్తూ పట్టుకొచ్చారు. కోనసీమలో గల్ఫ్ సామాను కనిపించని వీధి ఉండదు కాబట్టి అందులో వింతేమీ లేదు. టోన్లు ఎన్ని, రిథమ్‌లు ఎన్ని, స్పీకర్లు ఎన్ని వాట్లు అన్నది ఎక్కడైనా దొరుకుతుంది, నేను రాయను. కంపెనీ పేరు కూడా చెప్పను. చాన్నాళ్లుగా నాతో ప్రేమగానూ, పగగానూ ఉంటున్న ఒక్క పేజీ గురించే రాస్తాను. దాని పేరు స్కేల్ ట్యూన్.

ఇది అరబ్బు దేశాల కోసం చేసిన మోడల్. రాస్త్ లాంటి వాళ్ల మఖాముల్లో (అంటే వాళ్ల రాగాల్లో) వచ్చే గాంధారం, మన రెండు గాంధారాల్లో కిందిదైన సాధారణ గాంధారానికీ పైదైన అంతర గాంధారానికీ ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. మామూలు కీబోర్డులో దానికి మెట్టే లేదు. అందుకని ఇందులో పన్నెండు మెట్లనూ దేనికది జరుపుకునే వీలు పెట్టారు, మైనస్ 64 సెంట్ల నుంచి ప్లస్ 63 దాకా. పక్కపక్క మెట్ల మధ్య దూరమే 100 సెంట్లు. బావగారిని అడిగితే ఇవేవీ తెలియవన్నారు. "లైట్లు బాగున్నాయని కొన్నానయ్యా" అన్నారు.

నేను హార్మోనియం మనిషిని. ఊళ్లో భజనలకీ, అప్పుడప్పుడు పద్యనాటకాలకీ వాయిస్తాను. హార్మోనియం అంతర గాంధారం ఎప్పుడూ పిసరు ఎక్కువ పలుకుతుంది. తంబురా పక్కన కూర్చున్నవాళ్లకి ఆ తేడా తెలుసు. మంద్ర షడ్జమం తీగ మీటితే, ఎవరూ వాయించని గాంధారం ఒకటి అందులోంచి లేస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు. అది షడ్జమానికి 5/4 నిష్పత్తిలో, 386 సెంట్ల దగ్గర ఉంటుంది. హార్మోనియంది 400. స్వరం పలికే రేకు, అంటే రీడు, మొదలు దగ్గర గీకి శ్రుతి తగ్గించొచ్చు, కొస గీకి పెంచొచ్చు. కానీ గీకినకొద్దీ రీడు పలచబడుతుంది. ప్రయోగాలకి మన దగ్గర అన్ని రీడ్లెక్కడివి?

ఇక్కడ ఆ గొడవ లేదు. ఆర్గాన్ టోన్ పెట్టి, మధ్య షడ్జమం, గాంధారం కలిపి నొక్కి పట్టుకున్నాను. కాలువలో దూరంగా పడవ ఇంజను కొట్టుకుంటున్నట్టు సన్నగా ఒక దడ వినిపిస్తుంది. షడ్జమంలోంచి వచ్చే ఐదో అనుస్వరం (హార్మోనిక్) 1308 హెర్ట్జ్, గాంధారంలోంచి వచ్చే నాలుగోది 1318. రెండూ కలవక సెకనుకు పదిసార్లు కొట్టుకుంటాయి. రెండో చేత్తో గాంధారాన్ని ఒక్కో సెంటే దించుతూ పోతే దడ నెమ్మదిస్తుంది. మైనస్ 14 దగ్గర పూర్తిగా పడుకుంటుంది. గాంధారం షడ్జమంలోకి దిగిపోయి కూర్చుంటుంది. నా చెవికి అంతకుమించిన సుఖం ఈ పెట్టెలో మరొకటి లేదు.

ఆ ఊపులో కైశికి నిషాదాన్ని, అంటే రెండు నిషాదాల్లో కిందిదాన్ని, కూడా దించాను. మైనస్ 31. ఇది 7/4, అంటే 969 సెంట్లు. హార్మోనియం అలవాటున్న చెవికి మొదట ఇది బొత్తిగా అపశ్రుతే. కానీ స, గ, ప, ని నాలుగూ కలిపి నొక్కితే 4, 5, 6, 7 నిష్పత్తి. ఒక్క గరగర ఉండదు, నాలుగు స్వరాలూ ఒకే గొంతులోంచి వచ్చినట్టే ఉంటాయి. ఆ నాలుగు స్వరాలే మహతి రాగం. బాలమురళీకృష్ణగారు సృష్టించిన రాగం అది, ఆయన పుట్టింది మా శంకరగుప్తంలోనే. ఆయన నిషాదం సరిగ్గా ఈ చోటనే పాడారని నేను అనను. ఈ శ్రుతిలో మహతి నొక్కుతూ కూర్చుంటే మాత్రం రాత్రి భోజనం చల్లారిపోతుంది.

ఇక పగ సంగతి. శ్రీరామనవమి పందిట్లో ఒకటో శ్రుతిలో, అంటే C మెట్టే షడ్జమంగా, భజన నడుస్తోంది. గాంధారం దించి ఉంది, నిషాదమూ దించే ఉంది. అంతా కమ్మగా సాగుతోంది. మా మాస్టారు చెంచురుటి రాగంలో ఒక తత్త్వం ఎత్తుకున్నారు. అది మధ్యమశ్రుతిలో పాడతారు, అంటే మధ్యమాన్నే షడ్జమం చేసుకుని. నేను మ, ద, స పట్టాను. ధైవతం మైనస్ 16లో ఉంది కాబట్టి అదే కొత్త గాంధారమై చక్కగా పలికింది. మాస్టారు కూడా తలూపారు. పాట పైకి వెళ్లి కొత్త మధ్యమం మీద ఆగింది. ఆ మెట్టు ఏది? నేను దించిపెట్టిన నిషాదమే! 498 సెంట్ల దగ్గర ఉండాల్సిన మధ్యమం 471 దగ్గర పలికింది. ఆయన గొంతు ఒకచోట, నా మెట్టు ఇంకోచోట. వయొలిన్ అబ్బాయి ఎటు కలవాలో తెలియక విల్లు ఎత్తేశాడు. చరణం మధ్యలోనే మాస్టారు మైకు పక్కకి జరిపి, "ఏంటయ్యా ఆ మధ్యమం, కిందికి జారిపోతోంది?" అన్నారు. పాట అయ్యేదాకా ఆ నల్లమెట్టు జోలికి పోలేదు.

తప్పు ఏ ఒక్క స్వరానిదీ కాదు. మహతి కోరే నిషాదం వేరు, మధ్యమశ్రుతికి పనికొచ్చే నిషాదం వేరు, రెండోదానికి మైనస్ 4 చాలు. రెంటికీ 27 సెంట్ల ఎడం. ఉన్నదేమో ఒక్కటే మెట్టు. నా కోపమంతా కంపెనీ మీదే. ఏ మెట్టు ఎంత జరపాలో చెప్పే పట్టికలు రెండు పెట్టుకుని పాట మధ్యలో మారుద్దామంటే, వాటిని మెమరీ బటన్లలోనే దాచాలి. ఆ బటన్ నొక్కితే పట్టికతోపాటు టోనూ వాల్యూమూ కూడా మారిపోతాయి. చేత్తో మారుద్దామంటే మెనూలో లోపలికి, ఇంకా లోపలికి వెళ్లాలి. ఆలోగా మంగళహారతి కూడా అయిపోతుంది. ఒక్క మెచ్చుకోలు ఉంది: ట్రాన్స్‌పోజ్ చేస్తే పట్టిక మెట్లతోపాటే జరుగుతుంది, గాయకుడు ఐదో శ్రుతి అడిగినా ఇబ్బంది లేదు.

పైన గాంధారాన్ని అంత పొగిడాను కానీ, అది నిలిపి పట్టే స్వరాలకే. తోడి రాగంలో గాంధారం ఊగుతుంది, దాన్ని ఎన్ని సెంట్లకని బిగిస్తాం? బేగడ రాగంలో నిషాదం, పై నిషాదమైన కాకలికీ కైశికికీ నడుమ ఎక్కడో ఉంటుంది. దానికోసం ఒక సంఖ్య కనిపెట్టి పెట్టుకున్నాను, పాటలో ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడే సంగతుల్లో ఒకదానికి బాగుంటుంది, రెండోదానికే పనికిరాదు. వయొలిన్ వేలు చేసే పని మెట్టు చేయదు. సినిమా పాటల ట్రాక్ ఫోన్లో పెట్టి వాయించేవాళ్లయితే ఈ పేజీ జోలికే వెళ్లకండి. ట్రాక్ 400 దగ్గర, మీరు 386 దగ్గర ఉంటారు, జనం మిమ్మల్నే తిడతారు.

నాలాగా ఒకే శ్రుతిలో, నిదానంగా, పట్టి వాయించే పని ఎక్కువైతే ఇలాంటి పేజీ ఉన్న కీబోర్డు చూసుకోవచ్చు. పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్లకి దీనికి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. నేనూ డబ్బు పెట్టి కొన్నది కాదు, ఆ మాట గుర్తుపెట్టుకుని చదవండి. భజనలకి వెళ్లేటప్పుడు నిషాదం మైనస్ 4 చేసుకునే వెళ్తున్నాను. మైనస్ 31 ఇంట్లోనే.