పాపకి పువ్వు పేరు: ఫ్లర్, కాపుసీన్, మార్గరీత్... ఏది మేలు?

మేముండేది ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో, మార్చిలో పాప పుడుతుంది. పేరు ఇక్కడివాళ్ళకీ నోరు తిరగాలి, ఊళ్ళో మావాళ్ళకీ తిరగాలి, అందులోనూ ఫ్రెంచ్ పువ్వు పేరే కావాలని నా పట్టు. వెతగ్గా వెతగ్గా మూడు మిగిలాయి.

ఫ్లర్ అంటే అచ్చంగా పువ్వే, మన పుష్ప లాగ. 2014లో ఇక్కడ కల్చర్ మినిస్టర్ అయినావిడ పేరు కూడా ఫ్లర్ పెల్‌రాన్, కానీ ఈ పేరు ఫ్రాన్స్‌లో కంటే నెదర్లాండ్స్‌లోనే ఎక్కువ. నాకు నచ్చనిది సౌండే, ఆ మధ్య అచ్చు ఎ కాదు ఒ కాదు, మన అక్షరాల్లో లేదు, అమ్మ ఫోన్లో నాలుగుసార్లు ట్రై చేసి "ఫ్లోరు" దగ్గరే ఆగిపోయింది.

కాపుసీన్ మీద మాత్రం చాలా రోజులు మనసుపడ్డా. బాల్కనీ కుండీలో ఆ మొక్కే ఉంది, గుండ్రటి ఆకుల మీద నీళ్ళు పోస్తే తామరాకు మీదలాగే ముత్యాల్లా జారతాయి, ఆరెంజ్ పువ్వు వెనకాల సన్నటి తోక ఉంటుంది, కాపుచిన్ అనే క్రైస్తవ సన్యాసులు తలమీద వేసుకునే మొనదేలిన ముసుగులా ఉందని దానికా పేరు. రేకు నమిలితే ఆవాల ఘాటు. పూర్వం ఇక్కడ ఏ పేరు పడితే ఆ పేరు పెట్టనిచ్చేవాళ్ళు కాదు, 1803 చట్టం ప్రకారం క్యాలెండర్లో రోజుకొకటి చొప్పున ఉండే పేర్లూ ప్రాచీన చరిత్రలోని పేర్లే, 1993లో కొత్త చట్టం వచ్చాకే తల్లిదండ్రులకి నచ్చిన పేరు పెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది. ఇప్పుడు పార్క్‌కి వెళ్తే ఎవరో ఒకరు కాపుసీన్ అని పిలుస్తూనే ఉంటారు.

మార్గరీత్ అలా కాదు, 1900 టైంలో ఫ్రాన్స్‌లో ఎక్కడ చూసినా ఈ పేరే, తర్వాత బామ్మల పేరైపోయింది, ఈమధ్యే మళ్ళీ పిల్లలకి పెడుతున్నారు. 1980లో ఫ్రెంచ్ భాష బాగోగులు చూసే ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికైన మొదటి మహిళ, రచయిత్రి మార్గరీత్ యూర్సెనార్. పువ్వేమో తెల్ల రేకులు, పసుప్పచ్చ నడుమ, చూడ్డానికి చేమంతే, ఇష్టమా కాదా అని పిల్లలు ఒక్కో రేకే పీకుతూ లెక్కపెట్టేది దీన్నే. అమ్మ "మార్గరీత" అంటుంది, గీత, సరితల పక్కన ఇమిడిపోతుంది కూడా.

కానీ నన్ను పట్టేసింది దాని అర్థం. గ్రీకు మూలంలో ఆ మాటకి ముత్యం అని. మా నాయనమ్మ పేరు ముత్యాలమ్మ.

నిన్న అమ్మకి చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే మా అత్తగారి పేరేగా" అంది.