లైకా ఎం3లో ఫిల్మ్ ఎక్కించడం అంత కష్టమా?

1954లో వచ్చిన ఈ కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందు భయపడేది ఫిల్మ్ ఎక్కించడానికే, కానీ అంత టెన్షన్ అక్కర్లేదు. తలకిందులుగా పట్టుకుని అడుగు మూత తీసి, లోపల ఫిల్మ్ చుట్టుకునే స్పూల్ బయటికి లాగి, ఫిల్మ్ కొసను దాని క్లిప్పులోకి గట్టిగా దూర్చి, రెండూ కలిపి లోపలికి దించాలి. వెనక చిన్న తలుపు తెరిస్తే లోపలి చక్రం పళ్లు ఫిల్మ్ అంచు రంధ్రాల్లో పడ్డాయో లేదో కనిపిస్తుంది. తర్వాత, ఫిల్మ్ వదులు లేకుండా బిగించి, దాన్ని ముందుకు జరిపే లివర్ తిప్పుతుంటే రీవైండ్ నాబ్ (ఫిల్మ్ వెనక్కి చుట్టే మర) మీది ఎర్ర చుక్కలు తిరగాలి, ఇది మాత్రం తప్పకుండా చూడండి, తిరగకపోతే రోలంతా ఖాళీయే! దృశ్యాన్ని దాదాపు అసలు సైజులోనే (0.91 రెట్లు) చూపించే ఆ వ్యూఫైండర్ కోసం ఇంత శ్రమ హాయిగా పడొచ్చు. పెళ్లి హడావిడిలో తీసేవాళ్లు మాత్రం 1967 నాటి ఎం4 చూడండి, అందులో స్పూల్ బయటికి తీసే పనే లేదు.